అమ్మగారి మోకాలు

ఈ పళ్ళు ఆ పళ్ళు కావు. రిసెప్షన్ బల్ల వెనక గోడకి పెద్ద ఫొటో ఉంది, అందులో డాక్టరుగారు నవ్వుతున్నారు, కింద ఇంటిపేరు, పొడి అక్షరాలు, డిగ్రీలు అన్నీ నా దగ్గరున్న కార్డుమీద ఉన్నట్టే ఉన్నాయి, పేరులో తేడా లేదు, పళ్ళలోనే తేడా ఉంది. నేను మూడు నెలలుగా మెసేజీలు పెడుతున్న డాక్టరుగారికి ఎడమ కోరపన్ను పైకెక్కి ఉంటుంది, కింది వరసలో ముందు పళ్ళు చోటు చాలక ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, నవ్వితే ఆ తోపులాటంతా కనిపిస్తుంది. ఈ ఫొటోలో పళ్ళు గీత గీసి నాటినట్టున్నాయి. ఎంత తీరుగా ఉన్నాయో అని కాసేపు చూస్తూ ఉండిపోయాను కూడా, అలవాటు మరి. ఆ తర్వాత గాని పై పెదవి మీద మీసం కనిపించలేదు. నా డాక్టరుగారు ఆడమనిషి.

తప్పు నాది కాదు, వృత్తిది. నేను పళ్ళు చేస్తాను. ఊడినవాళ్ళకి కట్టుడు పళ్ళు, అరిగినవాళ్ళకి తొడిగే క్యాపులు. డాక్టర్లు నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీసి పంపిస్తారు, మేము అందులో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేసి, దాని కొలతకి పింగాణీ పన్ను కడతాం. దవడ వస్తుంది, మొహం రాదు. ఏళ్ళ తరబడి మొహాల్లేని దవడలతో కాపురం చేసేసరికి మనిషంటే నాకు పెదవుల మధ్య కనిపించే భాగమే అయిపోయింది. మా అక్క తన పెళ్ళి ఫొటోలు ముందేసి ఇదెవరో చెప్పు, ఇదెవరో చెప్పు అంటే నోరు మూసుకుని నిలబడ్డవాళ్ళని ఒక్కరినీ పోల్చలేకపోయాను, అందులో మా సొంత మేనత్త కూడా ఉంది. వీధిలో ఎవరో పలకరించి వెళ్ళిపోతారు, ఎవరో తెలియదు, పై వరసలో రెండో పన్ను కొంచెం పక్కకి తిరిగిందని మాత్రం తెలుస్తుంది. అలాంటిదాన్ని, నన్ను పట్టుకుని పళ్ళే మోసం చేశాయంటే ఎవరితో చెప్పుకోను? ఒళ్ళో డబ్బా ఉంది, అందులో నా చేతిపని నమూనాలున్నాయి, దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

వచ్చినప్పుడే శకునం బాగాలేదు. "నొప్పి ఎక్కడండీ?" అంది రిసెప్షన్ అమ్మాయి తల ఎత్తకుండా. నొప్పి కాదమ్మా, డాక్టరుగారు రమ్మన్నారు అన్నాను. "అందరినీ ఆయనే రమ్మంటారండీ, కూర్చోండి" అంది. ఆయనే అంది! అప్పుడైనా చెవిన పడాల్సింది, పడలేదు, ఆ అమ్మాయి ముందు పళ్ళ మధ్య సన్నటి సందు ఉంది, నేను దాన్ని చూస్తున్నాను. సరేనని కూర్చున్నాను. పక్కన ఒక తాతగారు, ఎదురుగా దవడకి చేతిరుమాలు అదిమిపెట్టుకున్న ఆవిడ, లోపలినుంచి డ్రిల్లు చప్పుడు, ఆ చప్పుడు పెరిగినప్పుడల్లా ఎదురుగా ఉన్నావిడ కళ్ళు గట్టిగా మూసుకుంటోంది. తాతగారు నావైపు వంగి, "మీకు పీకడమా, పూడ్చడమా?" అని అడిగారు. అమ్మడం అన్నాను. ఆయన కాస్త జరిగి కూర్చున్నారు.

అమ్మడం అని ఆయనతో అన్నానుగాని ఆ మాట బావగారు వింటే నెత్తి కొట్టుకునేవారు. మా అక్క మొగుడు. చుట్టుపక్కల డాక్టర్లలో సగం మంది పని ఆయన ల్యాబుకే వస్తుంది, ఆయన స్వయంగా పన్ను ముట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. రోజంతా ఫోన్లోనే. నాన్నగారి కళ్ళజోడు మార్చారా డాక్టరుగారూ, కుక్క అన్నం తింటోందా, కొత్తింట్లో నీళ్ళు బాగా వస్తున్నాయా. పని ఊసెత్తరు. ఫోన్ పెట్టేసిన గంటకి ఆ డాక్టరు దగ్గర్నుంచి డబ్బా నిండా అచ్చులు వస్తాయి. "మనిషి గుర్తుంటే పని సంగతి వాళ్ళే గుర్తు చేసుకుంటారమ్మాయ్, నువ్వు పని గుర్తుచేశావో, నిన్ను మర్చిపోతారు" అంటారు. కలిసిన రెండో రోజుకల్లా పలకరించాలట, వాళ్ళింట్లో మనిషి గురించి ఒక మాట అడగాలట, వాళ్ళకి పనికొచ్చేదేదైనా పంపాలట, ఆ తర్వాత ఏదో ఒక వంకన పలకరిస్తూనే ఉండాలట, వాళ్ళంతట వాళ్ళు పిలిచేదాకా పని మాట నోట్లోంచి రాకూడదట. మంచి మనిషి, అదే బాధ. చెడ్డవాడైతే పోట్లాడి బయటపడేదాన్ని. నేను చేసిన ప్రతి పన్నూ ఆయన ల్యాబు పేరున వెళ్ళేది, ఎవరైనా డాక్టరు వస్తే నా భుజం తట్టి "మా మరదలు, చెయ్యి మంచిది" అనేవారు, అంతే, నాకు చెయ్యి తప్ప ఇంకేమీ లేనట్టు. సొంతంగా పెట్టుకుంటానంటే ఒక్క మాట అడ్డం చెప్పలేదు. "వెళ్ళమ్మా, కుదరకపోతే వచ్చెయ్, నీ స్టూలు అలాగే ఉంచుతాను" అన్నారు. ఉంచారు కూడా. మొన్న అక్కని చూడటానికి వెళ్తే ఆ స్టూలుకి కొత్త దిండు కూడా కుట్టించి ఉంది, చూసి ఏడుపొచ్చింది.

అందుకే ఆ డాక్టర్ల సమావేశానికి వెళ్ళాను, మొదటిసారి ఒక్కదాన్నే, మొదటిసారి నా పేరున్న కార్డులతో. నిలబడి తినే భోజనాల దగ్గర డాక్టర్లంతా పళ్ళేలు పట్టుకుని గుంపులుగా మాట్లాడుకుంటుంటే గుంపు అంచున నిలబడి పళ్ళికిలించడం నావల్ల కాలేదు, నీళ్ళ డ్రమ్ము పక్కన చేరాను. ఆకలికి ఆగగలరు గాని దాహానికి ఆగలేరు కదా, ఒక్కొక్కరూ నా దగ్గరికే వచ్చారు. ముందు కోరపన్ను ఆవిడ, ఎత్తు మడమల చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, అమ్మ మోకాలి ఆపరేషనని, ఆ అమ్మ ఒక్క క్షణం కుదురుగా ఉండదని చెబుతూ నన్ను కడుపుబ్బ నవ్వించింది. తర్వాత సందు పళ్ళాయన, కవల పిల్లలు పుట్టి నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. తర్వాత కాఫీ మరకల పళ్ళతను, ఇల్లు వెతుక్కుంటున్నాడు. తర్వాత చిన్న పళ్ళ పెద్దాయన, ఈ వయసులో ఈత నేర్చుకుంటున్నానని సిగ్గుపడుతూ చెప్పారు. చివర ఒకాయన వచ్చి "కొంచెం జరుగుతారా?" అన్నారు. జరిగి, ఊరుకోకుండా ఆయన చేతిలోనూ కార్డు పెట్టాను, ఆయన మర్యాదకి తన కార్డిచ్చి నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఆయన పళ్ళు తీరుగా ఉన్నాయనుకున్నాను. తీరుగా ఉన్నాయి. గీత గీసి నాటినట్టు.

ఓరి దేవుడా.

ఇచ్చిన కార్డు ఇచ్చినట్టే సంచి పక్క అరలోకి జారవిడిచాను, ఒకదానిమీద ఒకటి. ఇంటికొచ్చి పై నుంచి తీసి వరసగా పరిచాను. అన్నిటి మీదా ఇంటిపేర్లూ పొడి అక్షరాలే, ఆడో మగో చెప్పవు. మొదటి కార్డు మొదటి నోటిదనుకున్నాను, రెండోది రెండో నోటిదనుకున్నాను. పైన ఉన్నది చివర వేసిందని పసిపిల్లకైనా తెలుస్తుంది, కింది దవడకీ పై దవడకీ వెంట్రుకవాసి తేడా పట్టేదాన్ని, నాకు తెలియలేదు. అంటే మెసేజీలన్నీ తిరగబడి వెళ్ళాయి. అయ్యో, ఈత నేర్చుకుంటున్న పెద్దాయనకి, ఆ వయసులో, కవలలకి నా ముద్దులని పంపాను, ఆయన ఒకే ఒక్క ప్రశ్నార్థకం తిరిగి పంపారు, పిల్లల గోలలో వేలు తగిలిందనుకున్నాను. నిద్రలేని కవలల తండ్రికి, నీళ్ళంటే భయం వద్దు, మునిగినా తేలతారు అని ధైర్యం చెప్పాను. నన్ను అంతసేపు నవ్వించిన కోరపన్ను ఆవిడకి, ఆ రోజు మీ దారికి అడ్డంగా నిలబడినందుకు మన్నించండి అని ముక్తసరిగా ఒక ముక్క పంపాను, ఏమనుకుందో తల్లి. ఐదుగురిలో మధ్యలో ఉన్న కాఫీ మరకల అతనికి ఒక్కడికే నా మెసేజి సరిగ్గా చేరింది. అతను జవాబే ఇవ్వలేదు.

మాటల్లో జవాబిచ్చింది ఒక్కరే. ఈ ఫొటోలో ఉన్నాయన. అమ్మగారి మోకాలు ఎలా ఉంది డాక్టరుగారూ అని అడిగితే మర్నాడు 'తగ్గిందండీ' అని వచ్చింది. ఎంత సంబరపడ్డానో, బావగారి సూత్రం పారిందని ఇల్లంతా తిరిగాను. పది రోజులాగి మళ్ళీ అడిగాను. 'కర్రతో నడుస్తోంది.' మళ్ళీ అడిగాను. 'కర్ర తీసేసింది.' పనికొచ్చేదేదైనా పంపాలి కదా, ఎత్తు మడమల చెప్పులు వేసుకునే స్త్రీలు నడుంనొప్పి రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలని ఒక వ్యాసం వెతికి మరీ పంపాను, 'చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు' అని జవాబు. ఈ మీసాలాయన! కిందటి వారం 'అమ్మ మేడమెట్లు ఎక్కింది' అని వస్తే నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వంక కోసం మొదలుపెట్టిన పలకరింపే, నిజం చెప్పొద్దూ, ఎప్పుడు మారిందో తెలియదు, పొద్దున లేస్తూనే ఆ ముసలావిడ గుర్తొచ్చేది. ఒకసారి వచ్చి అమ్మగారిని చూడాలని ఉంది అని రాసేశాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత, ఒకసారి క్లినిక్‌కి రండి, మాట్లాడాలి అని వచ్చింది. పని ఇవ్వడానికే పిలిచారనుకున్నాను. ఇంకెందుకు పిలుస్తారు?

ఇప్పుడు తెలిసింది ఎందుకు పిలిచారో. ఎవరివి నువ్వు, నా తల్లి మోకాలితో నీకేం పని అని నిలదీయడానికి. అయితే మరి ఆ జవాబులన్నీ? ఈయన తల్లికీ మోకాలి నొప్పి ఉందా, ఆవిడా మెట్లెక్కిందా? లోకంలో ముసలమ్మలందరికీ మోకాళ్ళ నొప్పులే, ఉంటే ఉండొచ్చు. ఉంటే మాత్రం, అదెలా తెలుసని అడగరా? ఫోన్ మోగింది, బావగారు. తీయకూడదనుకుంటూనే తీశాను.

"ఎక్కడున్నావమ్మాయ్?"

"డాక్టరుగారి దగ్గర బావగారూ."

"అయ్యో, పన్ను నొప్పా?"

"కాదండీ, పని మీద."

"పిలిచారా? వాళ్ళంతట వాళ్ళే పిలిచారా? భేష్! చూశావా, నేను చెప్పలా? మరి ఆ స్టూలు సంగతేం చెయ్యను? ఒకటో తారీకు నుంచి కొత్తమ్మాయి వస్తానంటోంది. నీకోసం ఉంచమంటే ఆ పిల్లకి వద్దని చెప్పేస్తా, మొహమాటపడకు."

సాయంత్రం చెబుతానన్నాను. సాయంత్రం ఏం చెబుతాను? నా ల్యాబంటే ఒక గది, పింగాణీ కాల్చే ఒక కొలిమి, కిటికీ కింద నేను. వచ్చే పని ఆ కొలిమి వేడెక్కడానికి కూడా చాలడం లేదు. ఈ ఒక్క క్లినిక్ పని నిలకడగా వస్తే గది ఉంటుంది, రాకపోతే దిండున్న స్టూలు ఉంటుంది, మా మరదలు, చెయ్యి మంచిది. లేచి వెళ్ళిపోతే? రిసెప్షన్ అమ్మాయికి నొప్పి తగ్గిపోయిందని చెప్పొచ్చు, నమ్ముతుంది, రోజూ చాలామంది చెప్పే అబద్ధమే అయ్యుంటుంది. కార్డు చింపెయ్యొచ్చు, నంబరు తీసెయ్యొచ్చు. కానీ అలా చేస్తే ఆ ముసలావిడ మేడమీదే ఉండిపోతుంది, ఎక్కిందో దిగిందో తెలియకుండా. ఇదేం పిచ్చి, ఆవిడెవరో నాకు తెలియదు, ఎవరి తల్లో కూడా తెలియదు. అయినా కాళ్ళు లేవలేదు. ఎదురుగా ఉన్నావిడ లోపలికి వెళ్ళింది, బయటికొచ్చింది, చేతిరుమాలు ఇప్పుడు రెండో చెంపకి మారింది. తాతగారు తన వంతు కోసం లేవబోతుంటే రిసెప్షన్ అమ్మాయి, ముందు ఆ డబ్బా ఆవిడని పంపమన్నారండీ అంది. నేను పీకించుకోవడానికి వెళ్తున్నట్టే తాతగారు జాలిగా చూశారు.

లోపల కూర్చోడానికి ఇంకేమీ లేదు, రోగులు కూర్చునే కుర్చీ ఒక్కటే ఉంది. అందులో కూర్చోగానే అది వెనక్కి వాలింది, కాళ్ళు పైకి లేచాయి, మొహం మీద దీపం. జీవితంలో ముఖ్యమైన మాట మాట్లాడటానికి ఇంతకంటే అధ్వానమైన భంగిమ లేదు. డాక్టరుగారు మాస్కు తీశారు. అవే పళ్ళు, అబద్ధం లేదు.

"డాక్టరుగారూ, మీరు మీరు కాదండీ" అన్నాను. అలా అనాలని కాదు.

"తెలుసండీ" అన్నారు. "మూడు నెలలుగా అదే ఆలోచిస్తున్నా. మనం ఎక్కడ కలిశాం?"

"సమావేశంలో, నీళ్ళ దగ్గర. మీరు కొంచెం జరుగుతారా అన్నారు."

"మీరు జరిగారా?"

"జరిగానండీ."

"మరింకేం" అని ఆయన దీపం పక్కకి తిప్పారు.

కార్డులు తిరగబడ్డ సంగతంతా చెప్పేశాను, కోరపన్ను ఆవిడ, చెప్పులు, కవలలు, ఈత, వాలిన కుర్చీలోంచి పైకప్పు వంక చూస్తూ, ఒక్కటీ దాచకుండా. ఈత పెద్దాయనకి ముద్దులు పంపిన చోట ఆయన నవ్వారు, ఆపుకోవాలని చూసి ఆపుకోలేక. ఆ వ్యాసం ఎందుకు ఉపయోగపడిందన్నారండీ అని అడిగాను. "చదివానండీ, పూర్తిగా చదివా. ఉపయోగపడిందన్నది మాత్రం అబద్ధం." మరి అమ్మగారు అన్నాను. ఆయన చేతి గ్లౌజు ఒక్కొక్క వేలూ లాగి తీశారు.

"అమ్మ పోయి నాలుగేళ్ళయిందండీ."

కుర్చీ ఇంకా వెనక్కి వాలినట్టనిపించింది. నాకు దుఃఖం వచ్చింది, ఎప్పుడూ చూడని మనిషి కోసం, మొన్ననే మెట్లెక్కిన మనిషి కోసం.

"మోకాలు నొప్పి మాత్రం నిజంగానే ఉండేది. కుడి మోకాలు. ఆపరేషన్ చేయిద్దాం అమ్మా, చేయిద్దాం అంటూనే ఉన్నాను. నాకే తీరలేదు. మీ మెసేజి వచ్చేసరికి ఎవరో పాతవాళ్ళు తెలియక అడుగుతున్నారనుకున్నా. లేదండీ అని చెప్పేద్దామనే మొదలుపెట్టా. ఆవిడ గురించి ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. తగ్గిందని పెట్టేశా. ఒక్కసారితో పోతుందిలే అనుకున్నా, మీరు మళ్ళీ అడిగారు. కర్ర ఇప్పించా. మళ్ళీ అడిగారు, కర్ర తీయించేశా. కిందటి వారం మెట్లు కూడా ఎక్కించా. ఇంతలో చూడ్డానికొస్తానన్నారు. ఇంక చెప్పక తప్పదని పిలిచా." గ్లౌజు పారేసి, "మీ కార్డు ఎక్కడ పెట్టానో గాని, ఇంతకీ మీరేం చేస్తుంటారు?" అన్నారు.

మూడు నెలలు, అన్ని మెసేజీలు, నేనేం చేస్తానో ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళు అడిగేదాకా పని మాట ఎత్తకూడదు కదా, బావగారి శిష్యరికం అంటే మాటలా. పళ్ళు చేస్తానండీ అని డబ్బా తెరిచాను. ఆయన నమూనాలని ఒక్కొక్కటే దీపం కింద పెట్టి చాలాసేపు చూశారు, ఇప్పటిదాకా ఉన్న మెత్తదనమంతా మొహంలోంచి పోయింది. ఈ రంగు బాగా కుదిరిందన్నారు. ఈ అంచు మందంగా ఉంది, చిగుళ్ళు వాస్తాయన్నారు. నిజమే, మందంగానే ఉంది. సొరుగులోంచి ఒక అచ్చు తీసి నా చేతిలో పెట్టి, "పై దవడ, ముందు పన్ను ఒకటి. ఇది బాగుంటే ఇంకోటి. బాగా లేకపోతే లేదు. అమ్మకీ దీనికీ సంబంధం లేదు" అన్నారు. లేదండీ అన్నాను. ఒక్క పన్నుతో గది నిలబడదని తెలుసు. ఆ అచ్చు మీద ఎవరి ల్యాబు పేరూ లేదు, నా చేతిలో ఉంది. ఆ స్టూలు కొత్తమ్మాయికి ఇచ్చెయ్యండి, దిండుతో సహా ఇచ్చెయ్యండి అని సాయంత్రం బావగారికి చెబుతాను, ఆయన మొహం చిన్నబుచ్చుకుంటారు, ఆ తర్వాత ఆ పిల్ల వాళ్ళ నాన్నగారి కళ్ళజోడు గురించి అడుగుతారు.

కుర్చీలోంచి దిగాను. ఇంక వెళ్ళాలి, పని దొరికింది, తలుపు దగ్గర రిసెప్షన్ అమ్మాయి తాతగారిని పట్టుకుని నిలబడింది. డాక్టరుగారు సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ, నావైపు చూడకుండా, "నిజం చెప్పేసుకున్నాం కాబట్టి ఇంక మీరు అడగరులెండి" అన్నారు. అడగడానికి నాకు వంకేదీ మిగల్లేదు. పన్ను బాగుంటే ఇంకో పన్ను వస్తుంది, మోకాలితో పని లేదు.

"మెట్లెక్కారు కదండీ," అన్నాను. "పైకెళ్ళాక ఏం చేశారు అమ్మగారు?"

ఆయన కుళాయి కట్టేశారు. తడి చేతులతోనే ఇటు తిరిగి, తలుపు దగ్గరున్నవాళ్ళని ఒక్క నిమిషం అన్నట్టు ఆపారు.

"ముందు, ఆరేసిన బట్టలు తీసేసిందండీ," అన్నారు. "మబ్బు పట్టింది కదా."